పాటపెట్టెకు క్రొత్త కన్ను

ఇంటిలో నొక వస్తువు పాతబడినపుడు రెండు పక్షములు బయలుదేరుట వాడుక. "ఇది పెద్దలు కొన్నది, దీనిని కదల్పరాదు" అనునది యొక పక్షము. "ఇది పాతది, కావున పనికిరానిది" అనునది రెండవ పక్షము. ఈ రెండును వస్తువును చూడకయే తీర్పు చెప్పునవి. మా యింటి సంగీతయంత్రము విషయమున నిరుడు ఇట్టి వివాదమే కలిగినది. అందువలన మేము తెలిసికొన్న సంగతులు సోదరీమణులకు గూడ నుపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాము.

మా మామగారు ఓడలపై ఇంజనీరుగా నుద్యోగము చేసినవారు. 1979లో సింగపూరునుండి ఒక ఆంప్లిఫయరును, రెండు పెద్ద కొయ్యపెట్టెల స్పీకర్లను కాకినాడకు తెచ్చిరి. అప్పటికి సీడీ యనునది అంగళ్లలో లేదు. అది 1982 అక్టోబరులో జపాను దేశమున మొదట అమ్మకమునకు వచ్చినది. మా యింటికి సీడీ ప్లేయరు 1990లో వచ్చి, ఆ పాత ఆంప్లిఫయరు ప్రక్కను చేరినది. నాటినుండి ముప్పది యేండ్లకు పైగా ఆ పెట్టెలన్నియు కలిసి కాపురము చేసినవి.

మా అత్తగారికి పాటయనిన ప్రాణము. ఇరుగుపొరుగు పెండ్లిండ్లలో తలుపుదగ్గరి పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు ఆమెయే పాడవలెను. 1988లో మా ఆడుబిడ్డ వివాహమున బంధువు లొకరు వానిని కాసెట్టుపై పట్టిరి. 2002లో మా మేనల్లుడు దానిని కంప్యూటరు సహాయమున ఇంటిలో వ్రాసికొను సీడీమీది కెక్కించెను. కాసెట్టు తరువాత బూజుపట్టి చెడినది. 2009లో అత్తగారు కాలము చేసిరి. ఆమె కంఠము మాకు మిగిలినది ఆ యొక్క సీడీయందే. వరలక్ష్మీవ్రతమునాడు హారతివేళకు దానిని వేయుట మా యింటి యాచారమైనది.

నిరుటి శ్రావణమున ప్లేయరు ఆ సీడీని లోనికి తీసికొని, కొంతసేపు గిరగిర త్రిప్పి, "నో డిస్క్" అను అక్షరములు చూపి యూరకుండెను. నాలుగైదు మారులు వేసినను అంతియే. అంగడిలో కొన్న కీర్తనల సీడీలు మాత్రము పాడుచునే యుండెను. "ఇంటిలో వ్రాసిన సీడీ గదా, దాని యాయువు తీరినది" అని మా వారనిరి. "ఈ పెట్టెలన్నిటికిని ఆయువు తీరినది. అన్నియు తీసివేసి ఫోనులో పాటలు వినుడు" అని మా అబ్బాయి యనెను. ఫోనులో లోకములోని పాటలన్నియు దొరకవచ్చును. మా అత్తగారి పాట దొరకదు.

మేము వారిరువురి మాటయు తేల్చుటకు ఆ సీడీని పొరుగింటి కంప్యూటరులో వేయించి చూచితిమి. మొదటినుండి చివరివరకు నొక్క మాటయైనను తప్పక పాడినది. ఇంక నొక్క గడియయైనను ఆలసింపక అక్కడనే దానికి రెండు నకళ్లు తీయించితిమి. ఒకటి కంప్యూటరులోను, ఇంకొకటి క్రొత్త సీడీపైనను. మంచి చెడ్డల విచారణ తరువాతి మాట. మొదట ప్రాణము దక్కించుకొనవలెను గదా!

సీడీ బాగుగ నున్నదని తేలినది. మరి ప్లేయరు కొన్నిటిని చదివి, దీనిని మాత్ర మేల చదువలేదు? దీనికి కారణము తెలిసికొనుట కష్టము కాదు. పండ్రెండు సెంటీమీటర్ల ఆ బిళ్లలో అయిదు కిలోమీటర్లకు మించిన సన్నని చుట్ట యొకటి లోపలినుండి వెలుపలికి సాగును. కంటికి కానరాని లేజరు కిరణమొకటి ఆ చుట్టపై బడి, అద్దముపై బడిన వెలుగువలె తిరిగి వచ్చును. అంగడి సీడీలో ఆ చుట్టవెంబడి అచ్చొత్తిన గుంటలుండును. ఇంటిలో వ్రాసిన సీడీలో గుంటలకు మారుగా రంగుపూతపై కాల్చిన గురుతులుండును. దీనినుండి తిరిగివచ్చు వెలుగు సాధారణముగ కొంత తక్కువ. చెరిపి మరల వ్రాయు రకమునందు మరియు తక్కువ. కావుననే పాతకాలపు ప్లేయర్లలో పెక్కు ఆ రకమును గుర్తింపవు. యేండ్లు గడచినకొలది లేజరు బలము తగ్గును; కటకముపై దుమ్ము చేరును; కన్ను జరుగు పట్టాలపై కందెన గట్టిపడును. చత్వారము వచ్చిన కంటికి పెద్దయక్షరములు తెలిసి చిన్నయక్షరములు తెలియనట్లే, ప్లేయరు అంగడి సీడీలను చదివి ఇంటి సీడీని విడిచిపెట్టినది.

మరమ్మతు చేయువానిని పిలిపించితిమి. అతడు మంచి పనివాడు. కటకము తుడిచి, పట్టాలకు క్రొత్త కందెన వేసి, ట్రేను లాగు రబ్బరు బెల్టు సాగిపోయియుండగా మార్చెను. ఆంప్లిఫయరును గూడ విప్పి చూచి, గరగర లాడుచున్న శబ్దపు మీటను శుభ్రపరచి, ఎండిన కెపాసిటర్లు రెండింటిని మార్చి, "ఇది యింకను చాల కాలము పనిచేయునమ్మా" అనెను. ప్లేయరు విషయమున మాత్రము తల యడ్డముగ త్రిప్పెను. బాగుచేసిన పిమ్మటను అత్తగారి సీడీ నడుమ నడుమ తెగిపోవుచుండెను. ఆ రకపు లేజరు భాగము క్రొత్తది అతని కెచ్చటను దొరకలేదు.

ఇక ప్లేయరు మార్చవలెనని అంగడికి పోతిమి. అచ్చటివారు డాక్ అను చిన్నపెట్టెను చూపి, "పాత ప్లేయరు నుంచుకొని దీనిని తగిలించుకొనుడు; క్రొత్తదానితో సమానమగును" అనిరి. ఈ మాటయందు కొంత నిజమున్నది, కాని మాకు పనికివచ్చు నిజము కాదు. సీడీలో శబ్దము అంకెల రూపమున నుండును. ఒక్కొక్క చెవికి సెకండునకు 44,100 అంకెలు. వానిని చదువుట కన్ను చేయు పని. చదివిన యంకెలను మరల శబ్దముగ మార్చుట గొంతు చేయు పని. డాక్ అనునది క్రొత్త గొంతు. కన్ను బాగుండి గొంతు పాతబడిన ప్లేయరునకు అది మేలుచేయును. అదియు ప్లేయరు వెనుక అంకెలను వెలుపలికి పంపు రంధ్రమున్నపుడే; తొలినాటి ప్లేయర్లలో పెక్కింటికి అది లేదు. మా ప్లేయరునకు చెడినది కన్ను. కన్ను కానని వానికి కంఠమునకు మందు వేసినచో నేమి లాభము?

అందుచేత క్రొత్త ప్లేయరునే కొంటిమి. కొనుటకు ముందు ఇంటిలో వ్రాసిన నకలు సీడీని తీసికొనిపోయి, అచ్చటనే వేయించి వింటిమి. అంగడివారు సంగతులన్నియు మా అబ్బాయితో చెప్పుచు, మమ్ము జూచి "రంగు నచ్చినదా అమ్మా?" అని మాత్రమడిగిరి. రంగు నచ్చినదనియు, మూడవ పాటను గూడ వినిపింపుడనియు చెప్పితిమి.

పాత ఆంప్లిఫయరునకు క్రొత్త ప్లేయరును కలుపునపుడు కొన్ని జాగ్రత్త లున్నవి. సీడీ పుట్టకమునుపటి ఆంప్లిఫయరుపై సీడీ యను పేరుగల స్థానముండదు. ఆక్స్ అని గాని, ట్యూనరు అని గాని వ్రాసిన చోట కలుపవచ్చును. ఫోనో యనుచోట నెన్నడును కలుపరాదు. అది గ్రామఫోను సూదినుండి వచ్చు అత్యల్పమైన విద్యుత్తును పెక్కు రెట్లు పెంచుటకు నియమించిన స్థానము. సీడీ ప్లేయరు పంపునది సుమారు రెండు వోల్టులు. దానిని అచ్చట పెట్టినచో చెవులు చిల్లులు పడును, స్పీకర్లకును చేటు. ఆక్స్ స్థానమందైనను పాతవానికి ఇది యెక్కువయే. కావున మొదట శబ్దపు మీటను పూర్తిగ తగ్గించి, పిదప మెల్లమెల్లగ పెంచవలెను. విదేశములనుండి బంధువులు తెచ్చు పెట్టెల విషయమున వోల్టేజి చూచుట మరువరాదు. జపానులో 100, అమెరికాలో 120 వోల్టులు; మనయింట 230.

క్రొత్త ప్లేయరుతో కీర్తనలు మునుపటికంటె శ్రావ్యముగ నున్నవా యని యడిగినచో, మా వారు ఔననియు, మేము పెద్ద భేదము లేదనియు చెప్పుదుము. కాని అత్తగారి సీడీని వేసిననాడు ఇంటిలో నెవ్వరును మాటాడలేదు. పాటకును పాటకును నడుమ ఆమె యెవరినో కేకవేసి, "ఒసే పిల్లా, దీపం కొండెక్కుతోంది, నూనె పొయ్యవే" యనుట స్పష్టముగ వినవచ్చినది. మా కోడలు ఆమె నెన్నడును చూచి యెరుగదు. ఆ మాట విని చటుక్కున లేచి పూజగదిలోని దీపమువంక చూచినది.

సోదరీమణులారా! మీ బీరువాలలోను, అటకలపైనను ఇట్టి సీడీ లుండక మానవు. వానిని ఎండ తగులనిచోట ఉంచుడు. మెత్తని గుడ్డతో నడిమినుండి అంచువైపునకు తిన్నగ తుడువుడు, గుండ్రముగ తుడువరాదు. వెండిపూత పేరు వ్రాయు వైపుననే సన్నని పొర క్రింద నుండును గాన, ఆ వైపున గీతలు పడనీయరాదు. ప్లేయరు ఒక సీడీని నిరాకరించినంతమాత్రమున దానిని పారవేయకుడు. ఇంకొక యంత్రమున వేసి చూడుడు. అన్నిటికంటె ముఖ్యముగ, బజారున దొరకని కంఠము దేనియందున్నదో దానికి నేడే రెండు నకళ్లు తీయించి, ఒకటి మీయింటను, రెండవది మీ యాడుబిడ్డ యింటను ఉంచుడు. పెట్టెలో నే భాగము మార్చవలెనో ఆ పిమ్మట తీరికగ ఆలోచింపవచ్చును.