పల్లీల ముద్ద ఉంటే రాత్రి వంట తేలికే

పాలు, నెయ్యి లేకుండా ముందే వండి ఫ్రీజర్లో దాచుకునే కూరలంటే ఏవో విదేశీ వంటలే అనుకుంటాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటిళ్లలో రోజూ చేసుకునేవే అందుకు చక్కగా సరిపోతాయని నా నమ్మకం. వేయించిన పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, చింతపండు కలిపి నూరిన ముద్దను నూనె తేలేదాకా వేయించి, చల్లారాక కవర్లో వేలెడు మందాన పరిచి గడ్డ కట్టిస్తే చాలు. పత్తి చేను నుంచో ఆఫీసు నుంచో అలసి వచ్చిన ఆడమనిషి ఆ పలకలోంచి ఓ ముక్క విరిచి వంకాయల్లో వేస్తే కూర తయారు. ఉడికించిన బొబ్బర్లు, ఉలవలు, కందిపప్పు కూడా బాగా నిలుస్తాయి. ఆలుగడ్డ మాత్రం పిండిపిండి అవుతుంది.

ఇది చద్దికూడే కదా అంటారు. కాదు. కూర చెడేది బయట ఉంచినప్పుడు. మైనస్ 18 డిగ్రీల్లో సూక్ష్మజీవుల పెరుగుదల ఆగిపోతుంది. అవి చావవు గనుక, వండిన రెండు గంటల్లోపే లోపల పెట్టాలి, తినేముందు సలసల మరిగించాలి. కరెంటు పోతే? నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుంటే దాదాపు 48 గంటలు చల్లదనం నిలుపుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐస్ అర సాధారణంగా అంత చల్లబడదు, అందులోవి కొద్దిరోజుల్లోనే వాడేయాలి. ఈ కూరల్లోకి జొన్నరొట్టె మాత్రం అప్పటికప్పుడు కొట్టుకుంటేనే రుచి.