సిపాయి సెలవు - కోర్టు వాయిదా

ఒకనాడు చివరి తరగతి ముగించి మేము మెట్లు దిగుచుండగా ఒక విద్యార్థి వెంట వచ్చి, "సార్, తుపాకి పట్టకుండా మిలటరీలో ఉద్యోగము చేయవచ్చునా? నాకు చట్టమన్న ఇష్టము" అని అడిగినాడు. వాని తండ్రి గుంటూరు మిర్చి యార్డులో కాటా వద్ద పనిచేయును. ఆ ప్రశ్నకు మేము అప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. తెలుగు పాఠము చెప్పువారికి సైనిక న్యాయముతో పనియేమి అని తప్పుకొనవచ్చును. కాని, ఆ సంగతులు తెలియకపోవుటవలననే మా ఇంట ఒక ఎకరము నల్లరేగడి నేల చేజారినది. అందుచేత ఆ బాకీ తీర్చుకొనుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తాతగారు దూది ఏకి, పరుపులు కుట్టి, కూడబెట్టిన డబ్బుతో రెండెకరాలు కొన్నారు. ఒక ఏడు ప్రత్తి, ఒక ఏడు మిరప. ఆ భూమి చిన్న కుమారుడైన మా బాబాయి పేర వ్రాయించినారు. బాబాయి సైన్యములో చేరి సరిహద్దున ఉన్న కాలములో పొరుగు రైతు గట్టు తగాదాను కోర్టుకు ఎక్కించినాడు. కల్లములో కాయలు ఎండుచున్న దినములవి. కోర్టు బంట్రోతు నోటీసు తెచ్చెను. తాతగారు వేలిముద్ర వేసి పుచ్చుకొని, "అబ్బాయి వచ్చిన తరువాత చూతములే" అని దానిని ట్రంకుపెట్టెలో దాచినారు. ఉత్తరము వ్రాయుదమన్న మా నాన్నగారిని నాయనమ్మ వారించినది. "మంచులో కాపలా కాయు బిడ్డకు ఇక్కడి దిగులు ఎందుకురా?" అన్నది. వాయిదాకు ఎవరును పోలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయినది.

అప్పుడు గాని నాన్నగారు ఉత్తరము వ్రాయలేదు. బాబాయి ఆ ఉత్తరమును పట్టుకొని తన యూనిట్ ఆఫీసులోని హెడ్ క్లర్కు వద్దకు పోయినాడట. ఆయన చదివించుకొని విని అడిగిన మొదటి ప్రశ్న: "సమను ఎవరి చేతికి ఇచ్చినారు?"

ఆ ఒక్క ప్రశ్నలోనే మా వ్యాజ్యపు ప్రాణమున్నది. సివిలు ప్రొసీజరు కోడు ఐదవ ఆర్డరు, ఇరువది ఎనిమిదవ రూలు ప్రకారము, ప్రతివాది సిపాయి అయినచో కోర్టు సమనును అతని కమాండింగు అధికారికి పంపవలెను. అట్లు పంపలేదు గనుక, డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి 30 దినములలోగా దానిని రద్దు చేయుమని అర్జీ పెట్టుకొనవచ్చును. 1950 నాటి సైనిక చట్టములో 32వ సెక్షను ఒకటి ఉన్నది. సిపాయి తన సెలవును గూర్చి సైనికాధికారి ఇచ్చిన ధ్రువపత్రము చూపి కోరినచో, సాధ్యమైనంతవరకు ఆ సెలవులోపలనే వ్యాజ్యమును విని తేల్చుటకు కోర్టు ఏర్పాటు చేయవలెను. సెలవే దొరకని సిపాయి తన పక్షమున వ్యాజ్యము నడుపుటకు మరియొకరికి అధికారము వ్రాసి ఇయ్యవచ్చును. హెడ్ క్లర్కు ఈ సంగతులన్నియు చెప్పి, ఆ రాత్రియే కాగితములు టైపు చేసి, సెలవు ధ్రువపత్రముపై సంతకము చేయించి, బాబాయిని రైలెక్కించినాడు.

గడువు ఇంకను మిగిలియుండగనే అర్జీ పడినది. డిక్రీ రద్దయినది. అయితే అప్పటికే చేసిన అప్పులు, పోయిన పంట, తిరిగిన తిరుగుళ్ళు ఇంటిని క్రుంగదీసినవి. పెద్దమనుషులు కూర్చుండి రాజీ కుదిర్చినారు. ఒక ఎకరము దక్కినది, ఒక ఎకరము పోయినది. తాతగారు కడవరకు ఆ గట్టు వైపు నడువలేదు. నాయనమ్మ మాత్రము, "ఉత్తరము ఆపినది నేనే" అని కన్నుమూయువరకు అనుకొనుచునే యుండెను.

ఇంతకు ఆ హెడ్ క్లర్కు ఎవరు? న్యాయవాది కాడు, అధికారి కాడు. అమెరికా సైన్యములో ఇట్టి పనివారికి పారాలీగల్ స్పెషలిస్టు అను పేరు, 27డి అను ప్రత్యేక సంకేతము, వేరుగా శిక్షణ ఉన్నవి. వారిలో అనుభవము గడించినవారు వారంట్ ఆఫీసరు హోదాగల లీగల్ అడ్మినిస్ట్రేటరు పదవికి పోటీపడవచ్చును. మన సైన్యములో ఆ పేరుతో వేరు శాఖ లేదు. ఆ పనిలో పెద్ద పాలు క్లర్కుల భుజములమీదనే నడుచుచున్నది.

ఆ పని చిన్నది కాదు. జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసము ఐదుగురు అధికారులు కూర్చుందురు. జడ్జి అడ్వొకేటు తప్పక ఉండవలెను. డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్‌కు ముగ్గురు అధికారులు చాలును, అది రెండేండ్లకు మించి శిక్ష విధింపరాదు. అభియోగము తెలిపిన పిదప విచారణకు ముందు నిందితునకు కనీసము 96 గంటల వ్యవధి ఇయ్యవలెను. యుద్ధవిధులలో ఉన్నచో 24 గంటలు. సాక్ష్య సంగ్రహము, అభియోగ పత్రము, సాక్షుల పిలుపులు అన్నియు కాగితముల మీదనే నడుచును. ఒక తేదీ తప్పు పడినను, ఒక సంతకము లోపించినను ఒక సిపాయి బ్రతుకు తారుమారగును. శిక్షపడిన పిదప ఆశ్రయించుటకు 2007 చట్టముచే ఏర్పడి, 2009 నుండి పనిచేయుచున్న సాయుధ దళాల ట్రిబ్యునలు ఉన్నది. మన రాష్ట్రము చెన్నై బెంచి పరిధిలోనిది. అచ్చట పెన్షను వ్యాజ్యములు కూడ విందురు.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. త్రోవలు మూడు. మొదటిది క్లర్కు త్రోవ. ఇంటర్మీడియెట్‌లో మొత్తము మీద 60 శాతము, ప్రతి విషయములో 50 శాతము మార్కులుండవలెను. ఇంగ్లీషు, లెక్కలు లేక అకౌంట్సు చదివియుండవలెను. గుంటూరులోనే సైనిక నియామక కార్యాలయమున్నది. అయితే 2022 నుండి అగ్నివీరులుగా చేరినవారి కొలువు నాలుగేండ్లే. వారిలో 25 శాతము వరకే పిదప స్థిరముగా నిలుపుకొందురు. ఈ మాట దాచి ఆశ పెట్టుట మాకు ఇష్టము లేదు. నిలిచినవానికి నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అని మెట్లున్నవి.

రెండవది అధికారి త్రోవ. కనీసము 55 శాతముతో న్యాయపట్టా ఉండి, 21 నుండి 27 ఏండ్ల వయసులో ఉన్నవారు జడ్జి అడ్వొకేట్ జనరల్ శాఖకు పోటీపడవచ్చును. లెఫ్టినెంటుగా మొదలై ఎదుగు ఈ శాఖకు శిఖరమున మేజర్ జనరల్ ఉండును. మన అమ్మాయిలు గమనింపవలెను: ఈ శాఖలో స్త్రీలకు 2008లోనే శాశ్వత కమిషను ద్వారము తెరువబడినది. పురుషులకు ఆరు, స్త్రీలకు మూడు అని ఖాళీలను పంచిన పద్ధతిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. న్యాయపట్టా తపాలా చదువుతో రాదు. కళాశాలకు పోయి చదువవలసినదే.

మూడవది ఊరిలో ఉండియే చేయు సేవ. జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకమును తెచ్చినది. అది ఉద్యోగము కాదు, జీతము కాదు; గౌరవ భృతితో చేయు సేవ. అదే సంస్థ 2025 జూలై 26న, కార్గిల్ విజయ దినమున, శ్రీనగరులో వీర పరివార్ సహాయతా యోజనను ప్రారంభించినది. జిల్లా సైనిక బోర్డులలో న్యాయసహాయ కేంద్రములు నెలకొల్పి, మాజీ సైనికులను వాలంటీర్లుగా తీసుకొని, సరిహద్దున ఉన్నవారి ఇంటి వ్యాజ్యములకు తోడ్పడుట దాని ఉద్దేశము.

ఆ వార్త వచ్చిననాడు బాబాయి పత్రికను చేతబట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. కండ్లద్దములు సవరించుకొని, "చదువుకొన్నవాడివి, మరియొకసారి బిగ్గరగా చదువుము" అన్నాడు. చదివితిమి. కొంతసేపు మాటాడలేదు. "ఆనాడు మన ఊరిలో ఇట్టివాడు ఒక్కడున్నను నాన్న ఆ కాగితమును పెట్టెలో దాచియుండడు గదరా" అన్నాడు. హెడ్ క్లర్కు సాబు పేరు చెప్పునపుడు మాత్రము కుర్చీలోనుండి లేచి నిలబడినాడు. ఆయనను చూచి ఎన్నో ఏండ్లయినను ఆ అలవాటు పోలేదు.

విద్యార్థి మిత్రులారా! మీ ఊరిలో సైన్యమునకు పోయిన బిడ్డ ఇల్లు ఒకటి ఉండకపోదు. ఆ ఇంటికి కోర్టు కాగితము వచ్చినచో దానిని పెట్టెలో దాచనీయకుడు. తేదీ చదువుడు, యూనిట్‌కు ఆ దినమే కబురు పంపించుడు. మీరు ఏ త్రోవను ఎన్నుకొన్నను మొదటి పాఠము అదియే. మాకు ఆ పాఠము ఖరీదు ఒక ఎకరము.