ఆరే వరకూ తలుపు తీయరాదు

చీకటిగదిలో ఏ పని కష్టమని ఛాయాచిత్రకారులను అడిగితే, చాలామంది డెవలపింగ్ అంటారు. జంషెడ్‌పూర్ కదమాలో నివసించే ఒక తెలుగు గృహస్థుని అభిప్రాయం వేరు. 1980లలో ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేస్తూ, తీరికంతా కెమెరాకే అర్పించిన ఆయన, అసలు గండం ఫిలిం ఆరేటప్పుడే ఉన్నదని చెబుతారు.

కారణం లేకపోలేదు. ఫిలిం మీద బొమ్మను నిలిపేది జిలటిన్ పొర. పశువుల ఎముకల నుంచీ, చర్మాల నుంచీ తీసిన పదార్థమది. నీటిలో ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు గోరు తగిలితే గీత పడుతుంది. ధూళికణం వాలితే అందులోనే కూరుకొనిపోతుంది. 20 డిగ్రీల నీటిలో కడగవలసిన ఫిలింకు, మే నెలలో కుళాయినీరే కాగిపోయే ఊరు అది. వడగాలి కిటికీ సందుల నుంచి దుమ్మును మోసుకొని వస్తుంది. వానాకాలంలో దుమ్ము అణగినా, ఫిలిం ఒకంతట ఆరదు.

ఇంటిలో కాస్త నమ్మదగిన చోటు స్నానాలగది. ముందుగా బకెట్టెడు మరిగే నీళ్లు పెట్టి ఆవిరి పట్టనిచ్చేవారు. దానితో గాలిలోని ధూళి నేలకు దిగుతుంది. మోటారు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కొనితెచ్చి, నీటిమరకలు పడకుండా తడిని జార్చే మందు కొన్ని చుక్కలు కలిపి, ఫిలింను చివరిసారి ముంచేవారు. 36 బొమ్మల రీలు అయిదడుగుల పైచిలుకు పొడవు. తీగకు క్లిప్పుతో వేలాడదీసి, చుట్టుకొనకుండా అడుగున మరొక క్లిప్పు బరువుగా తగిలించి, తలుపు మూసేవారు. రెండు మూడు గంటలు ఎవరికీ స్నానం లేదు. ఈ విషయంలో ఆయన ఇల్లాలు చూపిన ఓర్పును ఏ ఛాయాచిత్ర గ్రంథమూ పేర్కొనదు!

ఆయన వాడినది ఇందు ఫిలిం. ఉదకమండలంలో 1960లో స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిలింస్ వారిది. ఆ కర్మాగారం నేడు మూతబడినది.

ఒక కార్తిక పౌర్ణమినాడు, సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలిసే దోముహానీ వద్ద, ఆయన తల్లి అరటిదొప్పలో దీపం విడుస్తుండగా ఒక బొమ్మ తీశారు. మాఘం రాకముందే ఆమె కాలం చేశారు. కెమెరాలో ఉండిపోయిన ఆ రీలును దినాలు ముగిసిన తరువాత కడిగారు. ఇంటినిండా బంధువులు, తెలియని పిల్లవాడెవరో తలుపు తీశాడు. ఆరిన ఫిలింను భూతద్దంతో చూస్తే, తల్లి చెక్కిలి మీదనే ఒక కణం అతుక్కొని ఉన్నది.

మరల తడిపితే జిలటిన్ ఉబ్బి, ఆ కణం వదలవచ్చు. వదలకపోగా పొర చెడనూ వచ్చు. ఉన్నది ఒకే నెగెటివ్. మూడు రోజులు తొట్టె కడగడం, ఆరబెట్టడం తప్ప ఆయన మరేమీ చేయలేకపోయారు.

“అత్తయ్యగారి మొహం తేటగానే ఉంది కదండీ. ఇంక నీళ్లలో వేయకండి,” అన్నది ఇల్లాలు.

వేయలేదు. కణం వెలుతురును అడ్డగించినందున కాగితం మీద ఆ చోట తెల్లని చుక్క పడింది. సన్నని కుంచెతో దానిని నింపారు. రంగు ఒక పాలు ఎక్కువైంది. దిష్టిచుక్కలా ఉన్నదని ఇల్లాలు నవ్వింది. ఆ బొమ్మ నేటికీ వారి ముందుగదిలో ఉన్నది. కొత్తవారు పుట్టుమచ్చ అనుకుంటారు.