యంత్రంలో యంత్రం

మనిషి తన చేతులతో నిర్మించుకొన్న పనిముట్లలో అధికభాగం కంటికి కనిపించేవే. నాగలి విరిగితే ఎక్కడ విరిగిందో రైతుకు తెలుస్తుంది. మగ్గం మీద పోగు తెగితే ఎక్కడ తెగిందో పొందూరు నేతగాని వేలికొసకు తెలుస్తుంది. కాని కంప్యూటరు యుగంలో కంటికి కనిపించని వస్తువులు సైతం మన నిత్యజీవితంలో ప్రవేశించాయి. వాటికి ఆకారం లేదు, బరువు లేదు. అయినా అవి పనిచేస్తాయి. ఒక్కొక్కప్పుడు పనిచేయడం మానివేస్తాయి కూడా. ‘వర్చువల్ మెషీన్’ అటువంటిది. కనిపించని వస్తువులో లోపం ఏర్పడినప్పుడు దానిని కనిపెట్టడం ఎట్లా? శ్రీకాకుళం జిల్లాలో కంప్యూటరు పాఠాలు చెప్పుకుంటూ కాలం గడిపిన నాకు ఈ ప్రశ్నకు సమాధానం కొంత పుస్తకాలలోను, కొంత అనుభవంలోను లభించింది.

వర్చువల్ మెషీన్ అంటే యంత్రంలో యంత్రం. ఒక పెద్ద లోగిలిలో యజమాని ఒక గదిని అతిథికి ఇచ్చాడనుకోండి. అతిథి ఆ గదిలో తన పద్ధతిలో తాను ఉంటాడు. తన వంట, తన పూజ, తన నిద్ర తనవి. అయితే గోడలు, నీళ్ళు, దీపం మాత్రం యజమానివే. అదేవిధంగా ఒక కంప్యూటరు తన జ్ఞాపకశక్తిలో కొంత, డిస్కులో కొంత, ప్రాసెసరులో కొంత వేరుచేసి మరొక కంప్యూటరుకు ఆశ్రయమిస్తుంది. ఆశ్రయమిచ్చినది ఆతిథేయ యంత్రం; ఆశ్రయం పొందినది అతిథి యంత్రం. ఈ ఇద్దరి మధ్య పంపకాలు చూసే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. అతిథి యంత్రం తాను నిజమైన కంప్యూటరుననే నమ్ముతుంది. వాస్తవానికి దాని సర్వస్వమూ ఆతిథేయుని డిస్కులో కొన్ని ఫైళ్ళుగా నిక్షిప్తమై ఉంటుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1960 దశకంలోనే ఐబీఎం సంస్థ శాస్త్రజ్ఞులు ఒక పెద్ద కంప్యూటరును పలువురు ఏకకాలంలో, ఎవరిది వారికే అన్నట్లు వాడుకొనే ఏర్పాటు చేశారు. 1972లో ఆ సంస్థ ‘వీఎం 370’ని ప్రకటించింది. 1999లో వీఎంవేర్ సంస్థ ఇదే సదుపాయాన్ని బల్లమీది సాధారణ కంప్యూటర్లకు అందించింది. 2007లో వర్చువల్ బాక్స్ వెలువడింది. ఇంటెల్, ఏఎండీ సంస్థలు 2005, 2006 సంవత్సరాల నుండి తమ ప్రాసెసర్లలోనే ఇందుకు ప్రత్యేకమైన సౌకర్యాన్ని పొందుపరచసాగాయి. మా వంటి చిన్న ఊళ్ళ కళాశాలలకు ఇది వరమే అయింది. ఉన్న విండోస్‌ను చెరపకుండానే మా పిల్లలు లినక్స్ నేర్చుకోగలిగారు. ఒక్క యంత్రం రెండు యంత్రాల పని చేసింది.

ఇట్లా ఉండగా 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరాన్ని దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేరులోని సౌకుమార్యం గాలిలో లేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా కుదిపివేసింది. ఆ గాయం పూర్తిగా మానకముందే ఇది వచ్చింది. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు నేలమట్టమయ్యాయి. విద్యుత్తు స్తంభాలు వేల సంఖ్యలో కూలిపోయాయి. అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి.

ఆ రోజులలో నేను పనిచేస్తున్న కళాశాలలోను కరెంటు లేదు. చాలా రోజుల తరువాత దీపాలు వెలిగాయి. ప్రయోగశాలలోని ముప్పై కంప్యూటర్లూ ఒక్కొక్కటిగా మేలుకొన్నాయి. అందరమూ ఊపిరి పీల్చుకొన్నాము. కాని పదకొండు కంప్యూటర్లలో వర్చువల్ మెషీన్ మాత్రం ప్రారంభం కాలేదు. మీట నొక్కగానే ఒక చిన్న గడి తెరమీదికి రావడం, ఏదో ఇంగ్లీషు వాక్యం చూపి ఆగిపోవడం; అంతే.

ఆ పదకొండింటిలో ఒకటి ఉద్దానం నుండి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయిది. ఆమె తన ఊరిలో ఇంటింటికీ తిరిగి ఏ తోటలో ఎన్ని కొబ్బరిచెట్లున్నాయో, ఏటా ఎంత దిగుబడి వస్తుందో సేకరించి, ఆ లెక్కలు భద్రపరిచే చిన్న ప్రోగ్రాము రాసింది. అది ఆమె చివరి సంవత్సరపు ప్రాజెక్టు. ఆ చెట్లలో అధికభాగం ఇప్పుడు లేవు. వాటి లెక్క మాత్రం ఆ యంత్రంలో ఉంది. ఆమె తెరవైపు చూస్తూ, “మేష్టారూ, తోట ఎలాగూ పోయింది. ఇది కూడా పోయినట్టేనా?” అని మెల్లగా అడిగింది.

ప్రయోగశాలలో తలా ఒక మాట అన్నారు. తుపాను దెబ్బకు డిస్కులు పాడయ్యాయని ఒకరు, వైరస్ పట్టిందని మరొకరు అన్నారు. “ఎందుకొచ్చిన తిప్పలు? పాతది చెరిపేసి కొత్తది వేసేద్దాం. గంటలో పని అయిపోతుంది” అని మూడవవారు సలహా ఇచ్చారు. ఈ మూడవ సలహాయే అన్నింటికంటె సులభమైనది, అన్నింటికంటె ప్రమాదకరమైనది. అతిథి యంత్రం ఫైళ్ళను చెరిపివేస్తే దానితోపాటు ఆ అమ్మాయి నెలల శ్రమ కూడా క్షణంలో మాయమవుతుంది. కారణం తెలిసేవరకు ఎవరూ ఏదీ చెరపవద్దని చెప్పి, ముందుగా ఆ ఫైళ్ళకు మరొక డిస్కులో నకలు తీయించాను.

తరువాత ఆ చిన్న గడిలోని వాక్యాన్ని పిల్లలచేత బిగ్గరగా చదివించాను. అంతవరకు ఎవరూ దానిని పూర్తిగా చదవలేదు. ఇంగ్లీషు వాక్యం కనబడగానే దానిని మూసివేయడమే అందరికీ అలవాటు. వంశధార తీరాన, శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, తమ భాషకు లిపి లేని కాలంలో సవరల పలుకులను విని విని, ఆ భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చారు. మనకు అర్థం కాని మాట అర్థం లేని మాట కాదని ఆయన జీవితం చాటుతున్నది. యంత్రం చెప్పే మాటను వినడానికి కూడా ఆ ఓర్పులో కొంతైనా కావాలి. వాక్యం చదివితే దాని సారాంశం ఇది: ప్రాసెసరులోని వీటీ-ఎక్స్ అనే సౌకర్యం ఈ కంప్యూటరు బయాస్‌లో నిలిపివేయబడి ఉంది. అంటే, అతిథికి జబ్బు చేయలేదు. ఆతిథేయుడే తలుపు తెరవలేదు.

మాట విన్నంత మాత్రాన నమ్మరాదు, పరీక్షించి చూడాలి. అదే కంప్యూటరులో 32 బిట్ల పాత అతిథి యంత్రం ఒకటి ఉన్నది. దానిని ప్రారంభిస్తే లేచి కూర్చున్నది. 64 బిట్లది మాత్రమే లేవలేదు. ఆనాటి వర్చువల్ బాక్స్‌లో ఒకే ప్రాసెసరు కేటాయించిన 32 బిట్ల యంత్రం వీటీ-ఎక్స్ లేకపోయినా నడిచేది; 64 బిట్ల యంత్రానికి అది తప్పనిసరి. ఆ వాక్యం చెప్పింది నిజమేనని దీనితో రుజువైంది. కాని మరొక ప్రశ్న మిగిలింది. తుపానుకు ముందు పనిచేసిన సౌకర్యాన్ని ఎవరు నిలిపివేశారు? ప్రయోగశాలకు తాళం వేసి ఉంది. లోపలికి ఎవరూ రాలేదు.

మా ప్రాంతపు రైతుకు ఇటువంటి ప్రశ్న కొత్తది కాదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి నుండి బయలుదేరే వంశధార ఎడమ కాలువ టెక్కలి, పలాస వైపు సాగుతుంది. శివారు పొలానికి నీరు అందనప్పుడు రైతు తన మడిని తవ్వుకోడు. కాలువ గట్టు పట్టుకొని ఎగువకు నడుస్తాడు. ఎక్కడ తూము మూసుకొన్నదో, ఎక్కడ పూడిక పేరుకొన్నదో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డుపడిందో చూసుకుంటూ పోతాడు. ఎండినది తన పొలమే అయినా అడ్డు ఉన్నది ఎగువన అని అతనికి తెలుసు. మేమూ అట్లాగే ఒక్కొక్క మెట్టు దాటుతూ మూలం వైపు నడిచాము. అతిథి యంత్రం నుండి హైపర్‌వైజరుకు, అక్కడినుండి విండోస్‌కు, విండోస్ నుండి బయాస్‌కు చేరాము.

అప్పుడు ఆ అమ్మాయే ఒక సంగతి కనిపెట్టింది. “మేష్టారూ, ఇందులో తేదీ 2009 జనవరి ఒకటి అని ఉంది” అన్నది. మిగిలిన పదింటిలో చూస్తే వాటిలోనూ అంతే. చక్కగా పనిచేస్తున్న పందొమ్మిదింటిలో తేదీ సరిగానే ఉన్నది. అంతర్జాలం ఇంకా రాలేదు గనుక తప్పు తేదీని సరిదిద్దేవారు లేరు. దానితో చిక్కుముడి విడిపోయింది. కంప్యూటరు మదర్‌బోర్డు మీద పావలా కాసంత బిళ్ళ బ్యాటరీ ఒకటి ఉంటుంది. దానిని సీఆర్ 2032 అంటారు. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టుల శక్తి. అంతే దాని స్వరూపం. కరెంటు ఉన్నంతకాలం దానికి పెద్దగా పని లేదు. కరెంటు పూర్తిగా పోయినప్పుడు మాత్రం గడియారాన్ని నడపడం, బయాస్ ఏర్పాట్లను కాపాడడం దాని బాధ్యత. ఏళ్ళ తరబడి పనిచేసి బలహీనపడిన ఆ పదకొండు బిళ్ళలు అన్ని రోజుల చీకటిని తట్టుకోలేకపోయాయి. అవి చేతులెత్తేయగానే ఏర్పాట్లన్నీ యంత్రం తయారైననాటి స్థితికి మళ్ళిపోయాయి. ఆ యంత్రాలలో తొలి ఏర్పాటు ప్రకారం వీటీ-ఎక్స్ నిలిపివేయబడి ఉంటుంది.

కొద్దిపాటి ఖర్చుతో కొత్త బిళ్ళలు తెప్పించాము. తేదీ సరిచేసి, బయాస్‌లో ఆ ఒక్క సౌకర్యాన్ని తిరిగి ప్రారంభించి, మరి దేనినీ ముట్టుకోకుండా మీట నొక్కాము. అతిథి యంత్రం మేలుకొన్నది. కొబ్బరిచెట్ల పట్టిక తెరమీద విచ్చుకొన్నది. మొదటి వరుసలో ఉన్నది వాళ్ళ తోటే. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ పట్టికకు పక్కన మరొక వరుస చేర్చింది. దానికి ‘నిలిచినవి’ అని పేరు పెట్టింది.

వర్చువల్ మెషీన్ ప్రారంభం కాకపోవడానికి కారణం ప్రతిసారీ ఇదే కానక్కరలేదు. ఆతిథేయుని వద్ద ఉన్నదానికంటె ఎక్కువ జ్ఞాపకశక్తిని అతిథికి కేటాయించి ఉండవచ్చు. డిస్కు నిండిపోయి ఉండవచ్చు. హైపర్-వీ వంటి మరొక హైపర్‌వైజర్ ఆ సౌకర్యాన్ని ముందుగానే ఆక్రమించి ఉండవచ్చు. ఒక డిస్కు ఫైలును నకలు చేసినప్పుడు రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య వచ్చి తగవు ఏర్పడవచ్చు. కారణాలు వేరైనా అన్వేషణ మార్గం ఒక్కటే. యంత్రం చెప్పేది పూర్తిగా చదవాలి. నిన్నటికీ నేటికీ మధ్య ఏమి మారిందో ఆలోచించాలి. పనిచేసేదానిని, పనిచేయనిదానిని పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒకసారి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. అన్నింటికీ ముందు నకలు భద్రపరచాలి.

యువతరానికి వేగం సహజం. పనిచేయనిదానిని పారవేసి కొత్తది తెచ్చుకోవడం ఈ కాలపు లక్షణం. కాని పారవేసే వస్తువులో ఎవరి శ్రమ దాగి ఉన్నదో పైకి కనిపించదు. మొరాయించిన యంత్రం విషయంలోనే కాదు, వెనుకబడిన విద్యార్థి విషయంలోను, దిగుబడి తగ్గిన పొలం విషయంలోను లోపం కనిపించే చోటు వేరు, లోపం ఉన్న చోటు వేరు కావచ్చు. ఆ రెండింటి మధ్య దూరాన్ని ఓపికతో నడిచేవాడే నిజమైన సాంకేతిక నిపుణుడు. చెరపడానికి ఒక్క క్షణం చాలు. తెలుసుకోవడానికి కొంత సమయం కావాలి. ఆ సమయాన్ని ఇవ్వగలగడమే చదువుకు సార్థకత.