విశ్రాంతి

తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎవరూ అడగకపోయినా అభిప్రాయం చెబుతాడు. క్లాసులో అయితే పిల్లలకు తప్పదు, హాజరు కోసం వింటారు. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. కాలేజీ అప్పటికే మూతపడింది. దాంతో నా అభిప్రాయాలన్నీ వచ్చి ఇంటిమీద పడ్డాయి. ఇంట్లో శ్రోతలు ముగ్గురు: మా అమ్మ, నా భార్య, ఇంటర్మీడియట్ చదివే మా అబ్బాయి.

మాది రాజమండ్రి. వీధి చివర వెదురుబొంగులు అడ్డంగా కట్టారు. పొద్దున్నే కొద్ది గంటలు పాలకూ కూరలకూ వదిలేవారు. ఆ తరువాత రోజంతా ఇల్లే. మొదటి వారం టీవీలో వార్తలు చూశాం. కేసులెన్ని, పోయినవారెందరు అని సాయంత్రానికల్లా అంకెలు చదివేవారు. ఒకనాడు మా అమ్మ, "ఒరే, ఆ లెక్కల మేష్టార్ని ఆపి ఏదన్నా బొమ్మ పెట్టరా" అన్నది. ఆవిడకు ఇప్పటికీ సినిమా అంటే బొమ్మే. మా వాడు తన సెల్‌ఫోనును ఏదో ఉపాయం చేసి టీవీకి కలిపాడు. ఊళ్లో హాళ్లన్నీ తాళాలు వేసుకొన్న రోజుల్లో మా ఇంట్లో హాలు తెరిచామన్నమాట.

నేనొక నోటుబుక్కు తెరిచాను. చూసిన ప్రతి చిత్రానికీ తేదీ వేసి అభిప్రాయం రాయడం, రాసింది మరునాడు కాఫీ వేళ చదివి వినిపించడం. మీరు నవ్వవచ్చు గాని, ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది.

మొదటి పుట 'మాయాబజార్'. మా వాడు 2010లో రంగులద్దిన ప్రతి పెట్టాడు. అమ్మ పది నిమిషాలు చూసి, "శశిరేఖకు ఈ రంగులెవరు పులిమార్రా, తీసెయ్" అన్నది. తీసేసి, 1957 నాటి నలుపూ తెలుపూ పెట్టాం. ఈసారి నేను రాసుకొన్నది ఇది: భారతంలోని చుట్టాల కథ తీస్తూ పాండవుల్ని ఒక్కసారైనా తెరమీదికి రానివ్వలేదు కె.వి. రెడ్డి. వారు లేరన్న సంగతి ఎవరికీ తోచనివ్వలేదు. ఇక సావిత్రి. ఘటోత్కచుడు శశిరేఖగా మారిన తరువాత ఆ చిన్నదాని నడకలో ఎస్.వి. రంగారావు కనిపిస్తాడు. ఆవిడ వేషం మార్చలేదు, గొంతు మార్చలేదు, భుజాలు మాత్రం మార్చింది.

తరువాత 'మిస్సమ్మ', 1955. ఉద్యోగం లేని ఇద్దరు పట్టభద్రులు, దంపతులకే ఉద్యోగమంటే, పెళ్లి కాకుండానే దంపతులమని చెప్పి జమీందారుగారి బడిలో చేరతారు. ఇదివరకు దీన్ని హాస్య చిత్రమనే అనుకొన్నాను. ఆ ఏప్రిల్‌లో మా కాలేజీవారు నాకు సగం జీతం వేశారు. నోటుబుక్కులో, "ఈ కథలోని ఆర్థిక సమస్యను విమర్శకులు తగినంతగా గుర్తించలేదు" అని రాశాను.

ఒకరోజు మా అబ్బాయి పట్టుబట్టి కొరియా చిత్రం 'పారసైట్' పెట్టాడు. అంతకు రెండు నెలల ముందే దానికి ఆస్కారు వచ్చింది. అందులో ఒక పేదింటి ఆమె పెద్దింట్లో వంటమనిషిగా చేరుతుంది. ఇంటివాళ్లు ఊళ్లో లేరని తనవాళ్లందరినీ పిలిచి విందు చేసుకొంటూ ఉంటే యజమానురాలు ఫోను చేస్తుంది: దారిలో ఉన్నాం, ఎనిమిది నిమిషాల్లో దిగుతాం, ఫలానాది వండి ఉంచు అని. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నా భార్య ఒక్కతీ పకపకా నవ్వింది. నవ్వి లేచి లోపలికి వెళ్లిపోయింది. "ఈ సన్నివేశంలోని హాస్యం బోధపడలేదు" అని రాసుకొన్నాను.

ఆమె ఎప్పుడూ వంటింటి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూచునేది. అక్కడ గాలి బాగా వస్తుంది కాబోలు అనుకొన్నాను.

మే నెలలో 'మల్లీశ్వరి' పెట్టించాను. అది నా సొంత ఆస్తి వంటిది. ఎం.ఏ. చదివే రోజుల నుంచీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన చిత్రం. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు రాసిన మొదటి సినిమా. సాలూరి రాజేశ్వరరావు బాణీలు. పాట పాటకూ ఆపించి వ్యాఖ్యానం చెప్పాను. మా అబ్బాయి రెండు మార్లు నిద్రపోయాడు. ఎనిమిదిన్నర ప్రాంతంలో, కథ అంతఃపురంలోకి చేరినప్పుడు, ప్లాస్టిక్ కుర్చీ ఖాళీ అయింది. బొమ్మ ముగిసింది. పీటల మీద కూచున్నాం. నేను ఇంకా ఆగలేదు.

"చివర్లో రాయలవారిచేత క్షమింపజేయడం కథకు బలమా, బలహీనతా అన్నది ఆలోచించవలసిన విషయం" అన్నాను.

నాకు చారు పోస్తున్న గరిటె గాలిలోనే ఆగిపోయింది.

"క్షమిస్తారా?" అన్నది నా భార్య.

"ఎవరిని?"

"వాళ్లిద్దర్నీ. చంపెయ్యరూ?"

ముందు వేళాకోళమనుకొన్నాను. మొహం చూస్తే కాదు. అప్పుడు చెప్పింది. ఎనిమిదో తరగతిలో ఉండగా, దూరదర్శన్‌లో వారానికో సినిమా వచ్చే రోజుల్లో, పక్కింటివాళ్ల హాల్లో నేలమీద కూచుని 'మల్లీశ్వరి' చూసిందట. నాగరాజు కోటలో దూరాడు, మల్లిని కలిశాడు, భటులు పట్టుకొన్నారు. సరిగ్గా అక్కడ గోడవతలి నుంచి వాళ్లమ్మ, బియ్యం కడిగి పెట్టవే అని కేకేసింది. మర్నాడు బడిలో పక్క బెంచీ పిల్లను అడిగితే, చంపేశారే అని చెప్పిందట.

"దాన్నీ వాళ్లమ్మ అప్పుడే పిలిచి ఉంటుంది" అన్నది ఇప్పుడు.

"తరువాత ఎన్నిసార్లు రాలేదూ టీవీలో?"

"వచ్చింది. ఎప్పుడొచ్చినా అక్కడికొచ్చేసరికి ఎనిమిదిన్నరే."

"పోనీ నన్నడగవచ్చు గదా?"

"మీరు కృష్ణశాస్త్రిగారి దగ్గరనుంచి మొదలుపెడతారు. నాకు లోపల అన్నం మాడుతుంది."

అమ్మ నవ్వలేదు. మా అబ్బాయి లేచి చెయ్యి కడుక్కొని, ఎవరూ చెప్పకుండానే చివరి ముప్పావు గంటా మళ్లీ పెట్టాడు. ఎంగిలి కంచాలు అలాగే ఉన్నాయి. ఆమె అమ్మ పక్కన, మంచం మీద కూచుని చూసింది. పెళ్లయినాక మొదటిసారి నేను ఒక సినిమాను నోరు మూసుకొని చూశాను. అంతా అయినాక ఆమె కంట తడేమీ పెట్టలేదు. "ఇన్నేళ్లూ వాళ్లను నేనే చంపుకొన్నాను" అని, లేచి కంచాలు తీసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి నోటుబుక్కు పట్టుకొని వంటింట్లోకి వెళ్లాను. అప్పటికి పంతొమ్మిది చిత్రాలు చూశాం. ఒక్కొక్క పేరే చదివి, ఇది ఎంతవరకు చూశావని అడిగాను. పూర్తిగా చూసినవి రెండు. ఒకటి అమ్మ ఏకాదశి ఉపవాసం నాడు. రెండోది గ్యాసుబండ అయిపోయి అందరం అటుకులు తిన్న నాడు.

ఏటేటా మా విద్యార్థులకు ఒక మాట చెబుతుంటాను. 'అర్ధం' అంటే సగం, 'అర్థం' అంటే భావం, ఒత్తు పోతే మార్కు పోతుందని. ఇరవై ఏళ్లుగా నా ఇంట్లో ఒక మనిషికి అర్ధమే వడ్డించి అర్థం నేను విప్పిచెబుతున్నానన్న సంగతి ఏ పేపరు దిద్దుతున్నప్పుడూ తట్టలేదు.

అమ్మనడిగాను, నీ సంగతేమిటని. "నేనే బొమ్మా సగం చూడలేదురా" అన్నది ధీమాగా. "మా ఊరికి టూరింగ్ టాకీసు వచ్చేది. పెందలాడే వంట ముగించుకొని పోయేవాళ్లం. కుర్చీ లేదు, నేలే. అయినా శుభం పడేదాకా కదిలేవాళ్లం కాదు. హాల్లో వంటిల్లు లేదుగా!"

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సినిమా ఇంటికి వచ్చిందని మనమంతా సంతోషించాం. టికెట్టు అక్కరలేదు, తోసుకోనక్కరలేదు, కాళ్లు చాపుకొని చూడవచ్చు. వచ్చిన సినిమా ఇంట్లో సగం మందికి సగమై వచ్చిందని ఎవరూ గమనించలేదు. పాత చిత్రాల్లో మధ్యలో తెరమీద 'విశ్రాంతి' అని అక్షరాలు పడతాయి. సెల్‌ఫోనులో వచ్చే ప్రతుల్లోనూ చాలావాటికి అది ఇంకా ఉన్నది. హాల్లో ఆ అక్షరాలు చూసి మగవాళ్లు సోడాకు లేచేవారు. మా ఇంట్లో ఆ అక్షరాలు చూసి పొయ్యి దగ్గరికి లేచేది ఆమె. శబ్దార్థ విపర్యయానికి ఇంతకన్న మంచి ఉదాహరణ ఏ వ్యాకరణంలోనూ దొరకదు.

సరే, మర్నాటి నుంచి ఒక ఏర్పాటు. సాయంత్రం వంట నాది, మా అబ్బాయిది. ఏడున్నరకు భోజనాలు. ఎనిమిదికి బొమ్మ. నా మొదటి ఉప్మా సంగతి విస్తరించను. అమ్మ దాన్ని తిన్నది కాదు, భరించింది. సినిమాల విషయంలో మాత్రం నా భార్య ఒక షరతు పెట్టింది: "రెండో సగాలే పెట్టండి. మొదటి సగాలు నాకు వచ్చు."

అలా నెల రోజులు మా ఇంట్లో ఉత్తరార్ధాలే నడిచాయి. నోటుబుక్కులో రాత నాదే గాని, అభిప్రాయాలు మాత్రం ఆమెవి.

'గుండమ్మ కథ', 1962. పనివాడి వేషంలో నిక్కరు తొడుక్కొన్న రామారావు రుబ్బురోలు ముందు కూచుని, పిండి రుబ్బుతూ పాట పాడతాడు. ఇది మొదటి నుంచీ చూస్తానన్నది. నేను ఆ పాట చూపించి, 1962లోనే ఎంత పురోగామి భావమో చూడు అన్నాను. ఆమె చివరిదాకా చూసి, "పాట బాగానే ఉంది. తరువాత ఆ రోలు ఎవరు కడిగారు?" అన్నది. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

'దేవదాసు', 1953. అతను పార్వతి ఇంటి ముందుకు వచ్చి పోతాడు. ఆమె పరుగెత్తుకు వస్తే తలుపులు మూస్తారు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకొన్నది. నా భార్య, "మొదటి సగంలో తెలివి తక్కువవాడనుకొన్నాను. రెండో సగంలో ఆమె గుమ్మంలోకే వచ్చి చావాలా, అత్తారిల్లు గదా ఆమెది?" అన్నది. అమ్మకు కోపం వచ్చింది. రెండు రోజులు అత్తాకోడళ్లకు మాటలు లేవు. అక్కినేని నాగేశ్వరరావు నటన గురించి నేను రాసిపెట్టుకొన్న పుట చదివే సందర్భం మళ్లీ రాలేదు.

'కేరాఫ్ కంచరపాలెం', 2018. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే నటించిన చిత్రం. ఇందులో నాలుగు ప్రేమకథలు. సగంలో లేచిపోయినవారికి అవి నాలుగు కథలుగానే మిగిలిపోతాయి. చివరికి ఏమవుతుందో, ఇంకా చూడనివారి కోసం చెప్పను. ఆమె మాత్రం చూసి ఒక నిమిషం మాట్లాడకుండా ఉండి, మా అబ్బాయితో, "మొదటినుంచీ పెట్టరా" అన్నది. ఆ రాత్రి పడుకొనేసరికి ఒంటిగంట దాటింది.

2021 మే నెలలో రెండో విజృంభణ వచ్చింది. 5వ తేదీ నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఈసారి భయం వీధి చివరే ఉన్నది. అంబులెన్సు కూత వినబడితే అమ్మ జపం ఆపి లెక్కపెట్టేది. సినిమాలు తగ్గాయి. ఎప్పటిలాగే ఆన్‌లైన్ క్లాసుల పేరుతో నా వంట కూడా తగ్గింది, ఇది దాచను.

అప్పుడే 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' అనే మలయాళ చిత్రం చూశాం. ఆ ఏడు జనవరిలో వచ్చింది. జియో బేబీ తీశాడు. కొత్త కోడలు వండుతుంది, వడ్డిస్తుంది, తుడుస్తుంది, మళ్లీ వండుతుంది. సింకు కింద గొట్టం కారుతూ ఉంటుంది. ప్లంబరును పిలవమని భర్తకు చెబుతూనే ఉంటుంది. అతను మర్చిపోతూనే ఉంటాడు. ఆమె కింద బకెట్టు పెట్టుకొంటుంది. నేను ఓరకంట నా భార్యను చూస్తున్నాను, ఏమంటుందోనని. పూర్తిగా చూసింది. ఒక్కసారి లేవలేదు.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"రోజూ ఉండేదేగా" అని ఆవలించి లేచింది. వంటింట్లో దీపం వెలిగింది. కాసేపటికి నీళ్లు పారబోసిన చప్పుడు వినబడింది. లేచి వెళ్లి చూస్తే, మా సింకు కింద కూడా బకెట్టు ఉన్నది. ఎన్నాళ్లనుంచో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పే ఉంటుంది. నేను వినలేదు.

మర్నాడు ఆరింటికే ప్లంబరుకు ఫోను చేశాను. కర్ఫ్యూ గనుక పన్నెండు లోపల వచ్చి వెళ్లిపోతానన్నాడు. పదకొండు దాకా వీధిగుమ్మంలోనే నిలుచున్నాను. రాలేదు. పదకొండున్నరకు బకెట్టు నిండింది. తీసుకెళ్లి పెరట్లో పారబోసి, మళ్లీ సింకు కింద పెట్టాను. నేను కాస్త పక్కకు పెట్టాను కాబోలు, ఆమె వచ్చి కాలితో సరిచేసి, "ఇక్కడ పడుతుంది చుక్క" అన్నది.