నీలాదేవి కేశదానము

కేశము దేహానికి అలంకారము. ఒక్కొక్కప్పుడు అభిమానానికి ఆశ్రయము కూడా.

నాచారానికి చెందిన ఒక యువకుడు బట్టతలకు చింతించి, ఉప్పల్‌లోని ఒక వైద్యశాలలో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకొన్నాడు. తలకు మాత్రమే మత్తు ఇచ్చి, శిరస్సు వెనుక నుండి ఒక్కొక్క కేశమూలాన్ని సేకరించి ముందుభాగాన నాటుతారు. రోగి మెలకువతోనే ఉంటాడు. ఆ దీర్ఘసమయమంతా అతడు గోవిందనామాన్ని స్మరించాడు. నాటిన వెంట్రుకలు కొన్ని వారాలకే రాలిపోయాయి. మూలం చర్మంలో పదిలంగా ఉన్నందున నెలల తరువాత మరల మొలిచాయి.

సంవత్సరం నిండింది, వివాహం నిశ్చయమైంది. అప్పుడు తల్లి, "నాయనా, సంబంధం కుదిరితే పెళ్ళికి ముందే నీ తలనీలాలు ఇప్పిస్తానని స్వామికి మొక్కుకొన్నాను" అన్నది. అతని హృదయం కలతచెందింది.

ఆ రాత్రి తల్లి నీలాదేవి గాథను వినిపించింది. గోపాలకుని దెబ్బకు శ్రీనివాసుని శిరస్సున కేశాలు లోపించగా, ఆమె తన కేశాలను కోసి అక్కడ అమర్చినదట. భక్తుల తలనీలాలు ఆమెకే చెందునని స్వామి వరమిచ్చినాడట. లోపాన్ని పూరించుకొనుట దోషమైతే స్వామి ఆ కానుకను స్వీకరించునా? పూరించుకొన్నదానిని విడువలేకపోవుటయే బంధము.

తిరుమల కల్యాణకట్టలో అతడు తలవంచాడు. ఉప్పల్‌లో ధనమిచ్చి పొందినదానిని అక్కడ నీలాదేవికి సమర్పించాడు. మూలము మాత్రం యథాస్థానంలోనే ఉన్నది.