కొల్లేటి చేప

గోదావరికీ కృష్ణకూ నడుమ నేల కొంచెం గుంటపడి, ఆ గుంటలో నీరు నిలిచి కొల్లేరైంది. దండి మహాకవి దశకుమార చరితంలో ఆంధ్రనగరం చెంత వర్ణించిన మహాసరస్సు ఇదేనని కొందరు పండితులంటారు. తరగతిలో చెప్పుకోవడానికి ఆ మాట బాగానే వుంటుంది. కాని కొల్లేరు చూడబోయేవారు ముందు తెలుసుకోవలసినది వేరే వున్నది. ఈ సరస్సులోకి వచ్చే దారులు చాలా, పోయే దారి ఒక్కటే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక ఎన్నో మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. బయటికి పోయేది ఉప్పుటేరు మాత్రమే. అది సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో పడుతుంది.

బుడమేరంటే 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరే. తమ్మిలేరు ఏలూరును ఒరుసుకొని వస్తుంది. పట్నాలు కడుక్కున్న నీరూ, పొలాలు వదిలిన నీరూ చివరికి చేరేది ఇక్కడికే.

శీతకాలంలో మా విద్యార్థులతో కైకలూరు పక్కన ఆటపాక వెళ్ళాను. చెట్లనిండా గూడబాతులు. పడవవాడు హాస్యగాడు.

“తమరు పిట్టల్ని చూడ్డానికొచ్చారండి, పిట్టలు చేపల్ని చూడ్డానికొచ్చాయండి” అన్నాడు.

మా పిల్లల్లో ఒకమ్మాయి, “ఈ నీళ్ళు తాగుతారా?” అని అడిగింది.

“మా తాతలు దోసిలితో తాగేవోరమ్మా. మాకిప్పుడు కేన్ల నీళ్ళే.”

“మరి ఇందులో చేపలు?”

“తింటామమ్మా. తినకపోతే ఎట్టా?”

ఆ ప్రశ్నకు మాలో ఎవరికీ జవాబు తోచలేదు.

చెత్తాచెదారం కుళ్ళుతుంది, మన్నులో కలిసిపోతుంది. సీసం, కాడ్మియం, పాదరసం అట్లా కాదు. అవి కుళ్ళవు, కాలవు. పాత బ్యాటరీలు, రంగులు, లోహాలకు పూత పూసే దుకాణాలు, పట్నపు మురుగు, ఇవన్నీ వాటి పుట్టిళ్ళు. పొలంలో చల్లే భాస్వరపు ఎరువులో కూడా కాడ్మియం కాస్త వుంటుంది. నీటితో వచ్చిన ఈ లోహాలు అడుగు బురదను పట్టుకొని కూర్చుంటాయి. కొల్లేటి బురదలోని లోహాలు తినే చేపల్లోకి చేరుతున్న సంగతిని శాస్త్రజ్ఞులు రెండు దశాబ్దాల కిందటే పరిశీలించి ప్రకటించారు.

సంతలో బేరమాడేవారు, “చెరువు చేపా, కొల్లేటి చేపా?” అని అడుగుతారు. ఏది మంచిదో ఆ ఒక్క మాటతో తేలదు. బొచ్చె నీటి పైభాగాన మేస్తుంది, శీలావతి నడుమ, మోసు అడుగున. మార్పు, ఇంగిలాయి బురదలోనే కాపురం. బురదతో చెలిమి ఎంత వుంటే ముప్పు అంత. చెరువు చేపను త్వరగా పెంచి పట్టేస్తారు గనుక లోహం కూడేందుకు వ్యవధి తక్కువ; కాని ఆ చెరువుకు పెట్టిన నీరు మురుగు కాలువదైతే, వేసిన మేత మంచిది కాకపోతే ఆ లాభం పోతుంది.

సీసం, కాడ్మియం ఎక్కువగా మొప్పల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో చేరుతాయి. అవి తీసి పారేస్తే కొంత మేలు. పాదరసం అట్లా లొంగదు. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మరింత విషంగా మారుస్తాయి. అది కండలోనే కూర్చుంటుంది, ఎంత వండినా పోదు. చిన్న చేపను తిన్న పెద్ద చేపలో ఇంకా పెరుగుతుంది. అందుకే కొర్రమీను, వాలుగ వంటి వేటచేపల విషయంలో, ముఖ్యంగా గర్భిణులూ పసిపిల్లలూ తినేచోట, పరీక్ష అవసరం. సీసానికి అంతర్జాతీయ ప్రమాణం కిలో చేపలో 0.3 మిల్లీగ్రాములు. అంటే కోటి పాళ్ళలో మూడు పాళ్ళు! కంటికి, నాలుకకు తెలిసేది కాదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ వున్నవని వైద్యులు చెప్పారు. తరువాత అనుమానం పురుగుమందుల మీదకు పోయింది. దానిని చేపలకు ముడిపెట్టడం న్యాయం కాదు. కాని మన ఒంట్లోకి ఏమి చేరుతున్నదో చూచే అలవాటు జబ్బు వచ్చిన తరువాత గాని మనకు లేదని ఆనాడు తెలిసిపోయింది.

కొల్లేటికి చట్టపు రక్షణ లేకపోలేదు. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కూలగొట్టారు. గట్లు కూల్చడానికి యంత్రాలు చాలు. బురదలో దిగిన సీసాన్ని తీయడానికి యంత్రాలూ చాలవు, ఏళ్ళూ చాలవు. దాన్ని ఆపవలసింది పైననే, బుడమేటి ఒడ్డున, తమ్మిలేటి ఒడ్డున, మన పట్నాల కాలువల దగ్గర. రేవుల్లో చేపలను ఏటేటా పరీక్షించి, ఫలితాన్ని పల్లెవాళ్ళకు తెలుగులో చెప్పడం రెండో పని.

చేపలు కొనుక్కొనే మనం వేరే చేపను ఏరుకోగలం. కొల్లేటి లంకల్లో వుండేవారికి ఆ చేపే కూర, ఆ చేపే కూలి. ఏరుకొనే వీలు గూడబాతుకూ లేదు, వారికీ లేదు.